లివర్ ఆపరేషన్: చిన్న రంధ్రాలా, పెద్ద కోతా?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సుల్తాన్‌పూర్‌లో 2017లో మెడికల్ డివైజెస్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. ఇప్పుడక్కడ గుండె రక్తనాళాల్లో వేసే స్టెంట్లు తయారవుతున్నాయి. ఛాతీ కోయకుండా, మణికట్టు దగ్గర చిన్న రంధ్రంతోనే స్టెంటు వేస్తారని అమీన్‌పూర్, పటాన్‌చెరు, బొల్లారం వైపు చాలా ఇళ్లలో తెలుసు. అందుకే లివర్‌లో కొంత తీసేయాలని డాక్టరు చెప్పగానే, "కోయకుండా కాదా సార్?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ స్టెంటు వేసేటప్పుడు లోపల దేన్నీ కోసి తీయరు. లివర్‌లోని గడ్డను తీసేయాలంటే, దాని చుట్టూ కొంత మంచి భాగంతో సహా కోసి తీయాల్సిందే. పైన గాటు చిన్నదైనా పెద్దదైనా లోపల తీసే ముక్క అంతే ఉండాలి.

పాత పద్ధతిలో కుడి పక్కటెముకల కింద జానెడుకు పైగా కోస్తారు. పొట్ట కండరాలు కూడా తెగుతాయి. బదులుగా సర్జన్ లివర్‌ను చేత్తో తడిమి చూడగలరు, రక్తం చిమ్మితే వెంటనే వేలితో నొక్కి ఆపగలరు. లాప్రోస్కోపీలో పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపి, నాలుగైదు చిన్న రంధ్రాల గుండా కెమెరా, పనిముట్లు దించుతారు. కోసిన ముక్కను లోపలే ఒక సంచిలో వేసి, సాధారణంగా పొత్తికడుపు దగ్గర చిన్న అడ్డకోత పెట్టి బయటికి లాగుతారు. అంటే కోత ఇక్కడా ఉంటుంది, తక్కువగా ఉంటుంది.

లివర్ సర్జరీలో అసలు భయం రక్తస్రావం. నిమిషానికి దాదాపు లీటరున్నర రక్తం ఈ ఒక్క అవయవం గుండా పారుతుంది. లివర్‌లోకి వెళ్లే రక్తనాళాల కట్టను కాసేపు బిగించి ఉంచడం 1908లో ప్రింగిల్ అనే సర్జన్ చెప్పిన ఉపాయం. ఈనాటికీ రెండు పద్ధతుల్లోనూ అదే వాడతారు. పదిహేను నిమిషాలు బిగించి, ఐదు నిమిషాలు వదిలి, మళ్లీ బిగిస్తారు. బిగించిన వ్యవధిలో లివర్ కణజాలాన్ని కొద్దికొద్దిగా చీల్చుకుంటూ, కనబడిన ప్రతి నాళానికీ క్లిప్పు వేసుకుంటూ పోతారు. లాప్రోస్కోపీలో గ్యాస్ ఒత్తిడి వల్ల సిరల నుంచి కారే రక్తం కొంత తగ్గుతుంది.

ఏది మేలో తేల్చడానికి నార్వేలోని ఓస్లోలో, పెద్దపేగు క్యాన్సర్ లివర్‌కు పాకిన 280 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి పరీక్షించారు. పెద్ద కోత జట్టులో 31 శాతం మందికి, లాప్రోస్కోపీ జట్టులో 19 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు వచ్చాయి. ఆసుపత్రిలో ఉండాల్సిన కాలం 96 గంటల నుంచి 53 గంటలకు తగ్గింది. అయిదేళ్ల తర్వాత బతికున్నవారు మాత్రం రెండు జట్లలోనూ దాదాపు సమానం, 55, 54 శాతం. ఇక సగం లివర్ తీసే పెద్ద ఆపరేషన్ల మీద యూరప్ ఆసుపత్రులు చేసిన అధ్యయనం 2024లో వచ్చింది. అందులో లాప్రోస్కోపీ వల్ల కోలుకోవడానికి పట్టిన కాలం అయిదు రోజుల నుంచి నాలుగుకు తగ్గింది, ఆపరేషన్ సమయం మాత్రం పెరిగింది. ఇవన్నీ చేయితిరిగిన సర్జన్ల చేతుల్లో వచ్చిన ఫలితాలని మరవకూడదు.

గడ్డ ఎడమ అంచునో, ముందువైపో ఉంటే నేనైతే లాప్రోస్కోపీ వైపే మొగ్గుతాను. పెద్ద సిరలకు ఆనుకుని ఉన్నా, పైత్యనాళాన్ని మళ్లీ కలిపి కుట్టాల్సి వచ్చినా పెద్ద కోతే క్షేమం. రంధ్రాలతో మొదలుపెట్టి మధ్యలో పొట్ట తెరిచారంటే డాక్టరు ఓడిపోయినట్టు కాదు, ప్రాణం కాపాడటానికి తీసుకున్న నిర్ణయం అది. రెండింటికన్నా ముందు చూడాల్సింది మిగిలే లివర్ ఎంత అన్నది. ఆరోగ్యమైన లివరైతే పాతిక, ముప్పై శాతం మిగిలినా మళ్లీ పెరుగుతుంది. మద్యం వల్లో, హెపటైటిస్ వల్లో గట్టిపడిన లివరైతే నలభై శాతమైనా ఉండాలి. సీటీ స్కాన్‌తో దీన్ని ముందే కొలుస్తారు.

ఫ్యాక్టరీలో పనిచేసేవారికి ఇంకో మాట. పెద్ద కోత మానినా, అక్కడ కండరం బలహీనపడి హెర్నియా వచ్చే అవకాశం ఎక్కువ. డ్రమ్ములు దొర్లించేవారు, బస్తాలు మోసేవారు ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే సర్జన్‌కు చెప్పాలి. బరువులు ఎప్పటినుంచి ఎత్తవచ్చో రాతపూర్వకంగా తీసుకోవాలి. ఈఎస్‌ఐ వర్తించే కార్మికులకు, చందా నిబంధన పూర్తయి ఉంటే, ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం అనారోగ్య భృతిగా వస్తుంది. క్యాన్సరైతే అంతకన్నా ఎక్కువ కాలం ఇచ్చే వీలుంది. డబ్బు కోసం కుట్లు మానకముందే షిఫ్టుకు పరుగెత్తనక్కర్లేదు.