బెట్ట వేళ పైరుకు బాక్టీరియా అండ

కోటా (బిలాస్‌పూర్ జిల్లా): బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్లే రైలు మార్గంలో కర్గీ రోడ్ స్టేషన్‌లో దిగితే కోటా పట్టణం. చుట్టుపక్కల పల్లెల్లో ప్రధాన పంట వరి. ఛత్తీస్‌గఢ్‌కు 'వరి గిన్నె' అన్న పేరు ఊరికే రాలేదు. ఏటా సగటున 1,200 మిల్లీమీటర్లకు అటూఇటుగా వాన కురిసే ఈ ప్రాంతాన్ని కరవు సీమ అనడానికి వీల్లేదు. అయినా 2015లోనూ, 2017లోనూ రాష్ట్రంలోని అనేక తహసీళ్లను ప్రభుత్వం కరవు ప్రాంతాలుగా ప్రకటించవలసి వచ్చింది. వర్షాధార రైతును దెబ్బతీసేది మొత్తం వర్షపాతం తగ్గడం ఒక్కటే కాదు; ఒక వానకూ మరో వానకూ మధ్య ఏర్పడే ఎడం కూడా.

ఇక్కడి రైతులు తరతరాలుగా అనుసరిస్తున్న సేద్య పద్ధతి 'బియాసీ'. వెదజల్లిన వరి సుమారు నెల రోజుల పైరయ్యాక, మడిలో నీరు నిలిచిన తరుణం చూసి పైరులోనే నాగలి తోలుతారు. దానితో కలుపు అణగిపోతుంది, ఒత్తుగా ఉన్న పైరు పలచబడుతుంది. ఆ అదనుకు వాన పడకపోతే బియాసీ ఆలస్యమవుతుంది, దిగుబడి పడిపోతుంది. మెరకన ఉండే 'భాటా' గరప నేలలు, 'మటాసీ' పసుపు నేలలు తేమను ఎక్కువ కాలం నిలుపుకోలేవు. కొద్ది రోజులు బెట్ట పట్టినా పైరు వాడుముఖం పడుతుంది. ఈ గండాన్ని గట్టెక్కే మార్గం ఏమిటన్నదే ప్రశ్న.

మట్టిలోనే మందు

ఈ ప్రశ్నకు కొంత సమాధానం మట్టిలోనే ఉందని హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రీడా)లో జరిగిన పరిశోధన సూచిస్తున్నది. దేశంలో చిరుధాన్యాలు పండే మెట్ట ప్రాంతాల నేలల నుంచి వి.సంధ్య, బి.వెంకటేశ్వర్లు తదితర పరిశోధకులు 81 రకాల సూడోమోనాస్ బాక్టీరియాను సేకరించారు. ప్రయోగశాలలో కృత్రిమంగా కల్పించిన తీవ్రమైన బెట్టకు వాటిలో 26 మాత్రమే తట్టుకున్నాయి. ఎర్రనేలలో పొద్దుతిరుగుడు వేళ్ల చెంత దొరికిన 'జీఏపీ-పీ45' అన్నిటిలోకీ మిన్నగా తేలింది. దీనిని విత్తనానికి పట్టించగా, నీరు కొరవడినప్పుడు బతికి నిలిచిన మొక్కల సంఖ్య, మొక్కల బరువు రెండూ పెరిగాయి. ఈ ఫలితాలు 2009లో వెలువడ్డాయి. మరుసటి ఏడాది మొక్కజొన్నపై కూడా ఈ తరహా సూడోమోనాస్ ప్రభావాన్ని పరిశోధకులు ప్రకటించారు.

ఈ బాక్టీరియా నీటిని సృష్టించదు. తన చుట్టూ జిగురు వంటి పదార్థాన్ని స్రవించి వేరు మీద పలుచని పొరగా పరచుకుంటుంది. ఆ జిగురుతో మట్టి రేణువులు గుల్లగా కట్టి వేరును అంటిపెట్టుకుంటాయి; తేమ ఆరిపోవడం నెమ్మదిస్తుంది.

మరికొన్ని రకాల పనితీరు వేరు. దాహానికి గురైన మొక్కలో ఇథిలీన్ వాయువు అధికమై వేరు ఎదుగుదల కుంటుపడుతుంది. ఇథిలీన్‌గా మారవలసిన ముడిపదార్థాన్నే ఈ బాక్టీరియా ఒక ఎంజైము సాయంతో విడగొట్టి ఆహారంగా వాడుకుంటుంది. ఇజ్రాయెల్‌లోని అరావా ఎడారి ప్రాంతపు బాక్టీరియాతో టమాటా, మిరప మొక్కలు నీటి ఎద్దడిని మెరుగ్గా తట్టుకున్నట్లు 2004లోనే వెల్లడయింది.

పొట్లంలో ప్రాణముంటేనే

అయితే కుండీలలో సాధించిన ఫలితం పొలంలో అదే స్థాయిలో దక్కుతుందన్న హామీ లేదు. బయటి నుంచి వచ్చిన బాక్టీరియా ఆ నేలలో అప్పటికే స్థిరపడిన కోట్లాది సూక్ష్మజీవులతో పోటీపడి నిలదొక్కుకోవాలి. పొద్దుతిరుగుడుకు ఉపకరించినది నీరు నిలిచే వరి మడిలో అలాగే పనిచేస్తుందని భావించలేము. మెరక నేలల్లోని వరికి, వరి కోసిన తరువాత మిగులు తేమతో పండించే శనగ వంటి పంటలకు దీని అవసరం ఎక్కువ.

రైతుకు అసలు చిక్కు అంగడిలో ఎదురవుతుంది. జీవ ఎరువులను 2006లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చారు. రైజోబియం, అజోస్పైరిల్లం వంటి వాటిలో పొడి రూపమైతే గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవరూపమైతే మిల్లీలీటరుకు 10 కోట్ల సజీవ కణాలు ఉండాలన్నది నిబంధన. 2021లో జీవ ప్రేరకాలను కూడా ఈ ఉత్తర్వులో చేర్చారు. కాగా, ఎండ తగిలే గోదాములో నెలల తరబడి పడి ఉన్న పొట్లంలో ప్రాణమున్న కణాలు ఎన్ని మిగిలాయో రైతు కంటితో చూసి చెప్పలేడు. నాసిరకం పొట్లం కొన్న రైతుకు పెట్టిన డబ్బుతో పాటు అదను కూడా చేజారుతుంది. గడువు తేదీ చూసి కొనడం, గంజిలో గానీ బెల్లపు ద్రావణంలో గానీ కలిపి విత్తనానికి పట్టించి నీడలో ఆరబెట్టడం, రసాయన మందులతో కలపకపోవడం అతని చేతిలో ఉన్న జాగ్రత్తలు.

నాణ్యత తనిఖీ మాత్రం ప్రభుత్వం చేయవలసిన పని. స్థానిక నేలల్లోని బాక్టీరియాను గుర్తించి, రైతుల పొలాల్లోనే కొన్ని సీజన్లపాటు పరీక్షించడం అంతకన్నా ముఖ్యం. అందుకు బిలాస్‌పూర్‌లో వ్యవసాయ కళాశాల, రాయపూర్‌లో ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. చెరువుకు, కాలువకు బాక్టీరియా ప్రత్యామ్నాయం కాదు. తరువాతి వాన పడేదాకా పైరు ప్రాణం నిలిపితే చాలు, మెరక రైతుకు అది పెద్ద ఊరట.