తీగ పొట్టిదైంది

ఎయిర్‌బస్ విమానాలు తయారు చేసే పెద్ద కంపెనీ. రెండంతస్తుల విమానం ఎ380 కోసం ఫ్రాన్సు, జర్మనీ, బ్రిటన్, స్పెయిన్ ప్రభుత్వాలు దానికి అప్పిచ్చాయి. విమానాలు అమ్ముడయ్యే కొద్దీ తీర్చాలి. అమ్ముడు పోకపోతే? ఆ నష్టం జనం కట్టిన పన్నుల మీదే పడుతుంది.

2006లో చిక్కొచ్చింది. జర్మనీ వాళ్లు ఒక రకం కంప్యూటరు లెక్కతో కరెంటు తీగలు కొలిచారు. ఫ్రాన్సు వాళ్లది ఇంకో రకం. తీరా బిగించబోతే తీగలు చాల్లేదు! ఒక్కో విమానంలో 500 కిలోమీటర్లకు పైగా తీగ ఉంటుంది మరి. ఇద్దరు దర్జీలు వేరే వేరే టేపులతో కొలిచి ఒకే రవికె కుట్టినట్లుంది కదూ? లెక్క ఒకటి చేయించాల్సిన పెద్దలు ముందే చూసుకోలేదు.

విమానాలు రెండేళ్లు ఆలస్యమయ్యాయి. కంపెనీ పెద్దాయన దిగిపోయాడు. తర్వాత వచ్చినాయన మూడు నెలలకే వెళ్లిపోయాడు. 2007లో 10,000 ఉద్యోగాలు తగ్గిస్తామన్నారు. తప్పు పైన, దెబ్బ కింద! కార్మికులు పని ఆపి వీధిలోకొచ్చారు. ఎ380 తయారీ 2021లో ఆగిపోయింది.