పర్సిస్టెంట్, టెనేషస్: రెండూ ఒకటేనా?

కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఈ రెండు ఇంగ్లిష్ మాటల్నీ ఒకే వరుసలో బట్టీ పడుతుంటారు. తీరా వాక్యంలో పెట్టాల్సి వచ్చేసరికి తడబడతారు. లోపం వాళ్ల తెలివిలో లేదు, మాటల్ని విడివిడిగా నేర్పే పద్ధతిలో ఉంది.

అపోహ: రెండింటికీ ‘పట్టుదల గల’ అనే అర్థం. ఏది వాడినా ఫర్వాలేదు.

వాస్తవం: రెండూ లాటిన్ నుంచి వచ్చినవే. పర్సిస్టెంట్‌కు మూలం ‘నిలబడటం’, టెనేషస్‌కు మూలం ‘పట్టుకోవడం’. మొదటిది ఆగకుండా కొనసాగడాన్ని చెబుతుంది, రెండోది పట్టులోని బిగువును చెబుతుంది.

అపోహ: పర్సిస్టెంట్ అంటే మెచ్చుకోలే.

వాస్తవం: మంచికీ చెడుకీ ఆ మాట చెల్లుతుంది. వారాలైనా తగ్గని దగ్గు పర్సిస్టెంట్ కాఫ్. కనిగిరి ప్రాంత భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్ పర్సిస్టెంట్ ప్రాబ్లమ్. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నీళ్లు మరగబెట్టినా ఫ్లోరైడ్ పోదు. పళ్లనూ ఎముకలనూ తినేస్తూ తరాలుగా వదలని ఈ బాధలో మెచ్చుకోవడానికేముంది?

అపోహ: టెనేషస్ అంటే మొండివాడు.

వాస్తవం: మొండితనాన్ని తప్పుపట్టడానికి ఆబ్స్టినేట్ అనే మాట వేరే ఉంది. టెనేషస్‌లో ఎక్కువగా వినిపించేది గౌరవమే. ఉదాహరణకు, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు ఉన్న పశ్చిమ ప్రకాశానికి కృష్ణా నీళ్లు కావాలని గొంతెత్తిన కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరే వెలిగొండ ప్రాజెక్టుకు పెట్టారు. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల సొరంగాల గుండా నీళ్లు తెచ్చే ఈ పథకానికి 1996లో శంకుస్థాపన జరిగింది. ఇన్ని దశాబ్దాలుగా ఆగని ఆ కోరిక పర్సిస్టెంట్ డిమాండ్. దాన్ని విడిచిపెట్టని నాయకుడు టెనేషస్ లీడర్.

అపోహ: టెనేషస్ మనుషులకే వాడాలి.

వాస్తవం: విన్నది మరచిపోని జ్ఞాపకశక్తి టెనేషస్ మెమరీ, సడలని పిడికిలి టెనేషస్ గ్రిప్.

అపోహ: పర్యాయపదాల జాబితా కంఠస్థమైతే చాలు.

వాస్తవం: ఏ మాటకు ఏ మాట తోడు వస్తుందో కలిపి నేర్చుకోవాలి. రాసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఎంతకాలంగా సాగుతోందో చెబుతున్నానా, ఎంత గట్టిగా పట్టుకున్నారో చెబుతున్నానా? కాలమైతే పర్సిస్టెంట్, పట్టయితే టెనేషస్. చాలా వాక్యాల్లో తేడా అక్కడే తేలిపోతుంది.