వానకాలమున కలుపు యంత్రమును జాగ్రత్తగా నడుపు విధము

పడమటి కనుమల పాదమున నున్న మన మంసాపురము ప్రాంతమునకు ముఖ్యమైన వాన అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల వలన లభించును. ఆ దినములలో తోటలయందు కలుపు ఒక్కసారిగా పెరుగును. కూలివారు దొరకని వేళ, మరుసటి వాన రాకముందే పని ముగింపవలెనను తొందరలో, చేతితో పట్టి నడుపు కలుపు యంత్రమును, అనగా పవర్ వీడరును, రైతులు వాడుదురు. ఇట్టి యంత్రములను కొనుటకు తమిళనాడు వ్యవసాయ ఇంజనీరింగ్ శాఖ రాయితీ కూడ ఇచ్చుచున్నది. యంత్రము మేలు చేయునదే. కాని తడి నేలపై తొందరతో నడిపినచో చేతికిని కాలికిని కీడు చేయును. కనుక ఈ జాగ్రత్తలను యంత్రము నడుపువారును, ఇంటివారును చదివి గుర్తుంచుకొనవలెను.

మంచు దేశములు నేర్పు పాఠము

కెనడా, అమెరికా దేశములలో నివసించు మన తెలుగువారు చలికాలమున ఇంటి ముందు పేరుకొన్న మంచును విసరివేయు యంత్రమును వాడుదురు. క్యూబెక్‌కు చెందిన ఆర్థర్ సికార్ 1925లో అట్టి యంత్రమును రూపొందించెను. ధాన్యము నూర్చు యంత్రమును చూచి ఆయనకు ఆ ఊహ కలిగెనని చెప్పుదురు. అచ్చట తడి మంచు యంత్రపు నోటిలో గట్టిపడి కూరుకొనిపోవును. ఇచ్చట తడి గడ్డియు కొబ్బరి పీచును కత్తులకు చుట్టుకొనును. రెండు చోట్లను వ్రేళ్లు తెగుటకు ముఖ్యకారణము ఒక్కటే: కత్తులు నిలిచినవి గదా యని, ఇంజను ఆపకయే చేతితో తీయబోవుట.

నూర్పిడి యంత్రముల వలన కలుగు ప్రమాదములను దృష్టియందుంచుకొని 1983లో మన పార్లమెంటు ప్రమాదకర యంత్రముల క్రమబద్ధీకరణ చట్టమును చేసెను. తిరుగు యంత్రమునకు చట్టము ఎంత అవసరమో, నడుపువాని మెలకువయు అంతే అవసరము.

చేయి యంత్రమును గెలువలేదు

కత్తుల ఇరుసు నిమిషమునకు 200 మార్లు తిరుగుననుకొందము. అప్పుడది క్షణమునకు, అనగా ఒక్క సెకనుకు, మూడు మార్లకు పైగా తిరుగును. అపాయమును చూచి చేయి వెనుకకు తీయుటకు అర సెకను పట్టినను, ఆలోపల ప్రతి కత్తియు ఒకటిన్నర చుట్టు తిరిగియుండును. కావున ‘చప్పున తీసివేయుదును’ అను ధైర్యము పనికిరాదు.

ఇంకొక సంగతి కలదు. పీచు చుట్టుకొని కత్తులు నిలిచిపోయినను, పట్టీయందు బిగువు మిగిలియుండవచ్చును. ఇంజను ఆపిన తరువాత కూడ, చిక్కు వీడిన వెంటనే ఇరుసు ఒక్క కుదుపుతో తిరుగవచ్చును. నిలిచిన కత్తి నిద్రించు పాము వంటిది.

చిక్కు తీయు క్రమము

మొదట క్లచ్చి విడిచి, గేరును తటస్థ స్థానమునకు తేవలెను. తరువాత ఇంజను పూర్తిగా ఆపవలెను. కత్తులు నిలుచువరకు వేచియుండవలెను. పెట్రోలు ఇంజనైనచో స్పార్కు ప్లగ్గు తొడుగును ఊడదీయవలెను. డీజిలు ఇంజనైనచో ఆపు మీటను ఆపు స్థానముననే ఉంచవలెను. ఆ పిమ్మట పొడవైన కర్రతో గడ్డిని లాగి, మందమైన చేతితొడుగులు వేసికొని మిగిలిన పీచును కోసి తీయవలెను. ఈ పని నడుచుచున్నంతసేపు మరియొకరు యంత్రమును తాకరాదు.

చేయి వదలిన వెంటనే కత్తులను నిలుపు మీట కొన్ని యంత్రములకు ఉండును. చేయి నొచ్చుచున్నదని దానిని త్రాటితోనో తీగతోనో కట్టివేయుట మిక్కిలి అపాయకరము. కాలు జారి పడినవానిని కాపాడునది ఆ మీటయే. కత్తులపై నుండు రేకు కప్పును కూడ ఊడదీయరాదు.

పనికి దిగుటకు ముందు

వ్రేలాడు లుంగీ, భుజముపై తువాలు, జారు పైట, కంకణము, ఉంగరము ఇవి యంత్రము వద్ద తగవు. బిగువైన దుస్తులును, జారని అడుగు గల మూసిన బూట్లును ధరింపవలెను. రాళ్లు ఎగురును గనుక కంటికి అద్దములు ఉండవలెను. తోటలో ముందుగా నడిచి రాళ్లు, తీగలు, మట్టలు, నీటి గొట్టములు తొలగింపవలెను. తెగిపడిన విద్యుత్తు తీగ కనబడినచో పని మాని, దూరముగా నిలిచి విద్యుత్తు శాఖకు తెలుపవలెను.

పిల్లలను, పశువులను, కుక్కలను దూరముగా ఉంచవలెను. తడిసిన గట్టుపై అడ్డముగా నడుపరాదు. వెనుకకు నడుపునప్పుడు కత్తులను తిరుగనీయరాదు. వెనుకకు జారి పడినవాని కాళ్లపైకే యంత్రము వచ్చును. బురద మిక్కిలిగా నున్న దినమున పని వాయిదా వేయుటయే మేలు. కూలికి నడుపువానిని, ‘చీకటి పడులోపల ముగింపుము’ అని తొందరపెట్టువారు కూడ ఆ ప్రమాదమునకు బాధ్యులే.

వేడిగానున్న ఇంజనులో పెట్రోలు పోయరాదు. వాన పడుచున్నదని మూసిన కొట్టములో ఇంజను నడిపి చూడరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాయువునకు వాసనయు రంగును లేవు. మనిషి తెలియకయే స్పృహ తప్పును.

ప్రమాదము జరిగినచో

ముందు ఇంజనును ఆపవలెను. చిక్కుకొన్న కాలును లేక చేతిని తీయుటకు యంత్రమును వెనుకకు త్రిప్పరాదు. రక్తము కారు చోట శుభ్రమైన గుడ్డను గట్టిగా అదిమి పట్టి, వెంటనే 108కి ఫోను చేయవలెను. తెగిన వ్రేలు ఉన్నచో తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచుగడ్డలు వేసిన నీటిలో ఉంచి రోగితోకూడ పంపవలెను. వ్రేలిని నేరుగా మంచుపై పెట్టరాదు. మట్టి తగిలిన గాయము చిన్నదైనను ధనుర్వాతపు టీకాను గూర్చి వైద్యుని అడుగవలెను. పసుపు, కాఫీపొడి గాయముపై వేయరాదు.

ఈ వానలో కలుపు తీయకపోయినచో మరుసటి వారము తీయవచ్చును. తెగిన చేయి మరల మొలవదు. యంత్రము ఆపుటకు పట్టు ఒక్క నిమిషమును నష్టముగా లెక్కింపక, ఇంటికి క్షేమముగా మరలుటకు పెట్టిన పెట్టుబడిగా ఎంచవలెనని కోరుచున్నాము.