మనసు ఏ శాఖ కిందికి వస్తుంది?

తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి రాయచూరు జిల్లాలో స్థిరపడ్డ కుటుంబాలకు పొలం దొరికింది. మరి గుండె ధైర్యం ఎవరిచ్చారు?

సింధనూరు తాలూకాలో ఊరి పేరు చివర ‘క్యాంపు’ అని కనిపిస్తే తెలుగువాళ్లు ఆశ్చర్యపోరు. తుంగభద్ర ఎడమ కాలువకు నీళ్లొచ్చాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి తరలివెళ్లిన రైతులు కట్టుకున్న ఊళ్లు అక్కడ క్యాంపులే. వాటి పక్కనే అంకెలతో పిలిచే క్యాంపులు కొన్ని ఉన్నాయి. ఆర్‌హెచ్ ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఆర్‌హెచ్ అంటే పునరావాసం. తూర్పు పాకిస్తాన్‌లో ఇల్లూ వాకిలీ వదిలేసి ప్రాణాలు దక్కించుకున్న బెంగాలీ హిందూ కుటుంబాలవి. ఇప్పుడు మనవల తరం నడుస్తోంది. అక్కడ దుర్గాపూజ ఇప్పటికీ ఘనంగా చేస్తారు.

యుద్ధాలతో, దాడులతో ఊరొదిలిన కుటుంబాలకు మనోధైర్యం ఇచ్చే పనిని ఎవరు కూడగట్టాలి? ఆదివారం సంచికకు మా సంపాదకులు అప్పగించిన ప్రశ్న ఇది. గాజా, ఉక్రెయిన్, మణిపూర్... ఎటు చూసినా సమాచారానికి కొదవ లేదు. గడువు దగ్గరపడుతున్నా నేను మాత్రం ఒక పత్రం దగ్గరే ఆగిపోయాను. ఐక్యరాజ్యసమితి సంస్థలూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి 2007లో జెనీవా నుంచి వెలువరించిన మార్గదర్శకాలవి. ఐఏఎస్‌సీ మార్గదర్శకాలు అంటారు. చదువుతున్నంతసేపూ సింధనూరే గుర్తొచ్చింది.

అందులో ఏ పని ఎలా చేయాలో చెప్పే పత్రాలు 25 ఉన్నాయి. మొట్టమొదటిది సమన్వయం గురించి. మానసిక వైద్యానికి ఒక బృందం, సామాజిక సాయానికి ఇంకో బృందం పెట్టి, ఒకరితో ఒకరికి మాటల్లేని పరిస్థితి తేవద్దని, అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలని ఆ మార్గదర్శకాలు గట్టిగా చెబుతాయి. ఆ తర్వాత సాయాన్ని నాలుగు అంతస్తులుగా చూపిస్తాయి. అడుగున భద్రత, తిండి, నీళ్లు, గూడు. దానిపైన కుటుంబం, ఇరుగుపొరుగు, పండగలు, దినకర్మలు. మూడో అంతస్తులో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తల ఓదార్పు. మానసిక వైద్యుడు ఉండేది అన్నిటికంటే పైన, కొద్దిమంది కోసం.

నాకు బాగా నచ్చింది నీళ్లు, పారిశుద్ధ్యం గురించి రాసిన పత్రం. శిబిరంలో మరుగుదొడ్డి తలుపుకు లోపలి నుంచి గడియ ఉండాలి, రాత్రి వెలుతురు ఉండాలి. మానసిక ఆరోగ్యం గురించిన పుస్తకంలో గడియ గురించి ఎందుకు రాశారో ఏ ఆడబిడ్డనడిగినా చెబుతుంది. చీకటి పడ్డాక బయటికి వెళ్లడానికి భయపడి నీళ్లు తాగడం మానేసిన మనిషికి ఎంతమంది కౌన్సెలర్లు వచ్చి ఏం చెబితే మాత్రం నిద్ర పడుతుంది? ఆ గడియ బిగించాల్సింది ఇంజినీరు. అందుకే ఇంజినీరు కూడా ఆ బల్ల దగ్గరికి రావాలి. బాధితులందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఒక్క పూటలో జరిగిందంతా చెప్పించి, మర్నాడు మాయమయ్యే పద్ధతి వద్దని కూడా అందులో ఉంది. కెమెరాలతో వెళ్లే మా వృత్తివాళ్లూ చదవాల్సిన మాట అది.

సింధనూరు వెనకున్న చరిత్ర క్లుప్తంగా ఇదీ. 1947 విభజన తర్వాత వలస ఆగింది లేదు. 1964 అల్లర్లలో మళ్లీ పెరిగింది. 1971 యుద్ధ సమయంలో దాదాపు కోటిమంది సరిహద్దు దాటారు, తర్వాత ఎక్కువమంది వెనక్కి వెళ్లారు. బెంగాల్‌లో చోటు చాలని కుటుంబాలను రాయ్‌పూర్ దగ్గరి మానా శిబిరానికి, దండకారణ్యానికి, ఇతర రాష్ట్రాలకు పంపారు. అలా కొందరికి తుంగభద్ర ఆయకట్టులో భూమి దక్కింది.

నాలుగు అంతస్తుల లెక్కన చూస్తే అది మంచి పునాది. పొలం ఇవ్వడం కూడా మనసుకు వైద్యమేనని నేను నమ్ముతాను. కానీ పునాదిలో ఒక రాయి కదులుతూనే ఉంది. అది పౌరసత్వం. సవరణ చట్టం 2019లో వచ్చింది, నిబంధనలు 2024 మార్చిలో వచ్చాయి. అదే ఏడాది సింధనూరు క్యాంపుల్లో కొందరి చేతికి పౌరసత్వ పత్రాలు అందాయి. ఆ నిబంధనల చివరి జాబితాలు చూడండి. ఫలానా దేశం నుంచి వచ్చామని రుజువు చేసుకోవడానికి 9 రకాల కాగితాలు, ఎప్పుడు వచ్చామో చూపించడానికి 20 రకాల కాగితాలు రాశారు. మొదటి జాబితాలో అక్కడి బడి సర్టిఫికెట్, భూమి లేదా కౌలు పత్రం లాంటివి ఉన్నాయి. తమవి లేకపోతే తాతముత్తాతల పత్రమైనా సరేనన్నారు. కట్టుబట్టలతో పారిపోయి వచ్చిన ఇంట్లో ముత్తాత కౌలు కాగితం ఎక్కడ వెతకాలి? ఎప్పుడు వచ్చారు, ఎలా వచ్చారు అని ఆఫీసులో అడిగినప్పుడల్లా ఆ ఇంటి పెద్ద ఏ రాత్రిని గుర్తు చేసుకోవాలి? గుమాస్తాకు అదొక గడి నింపే పని. ఎదురుగా కూర్చున్న మనిషికి అది పాత గాయం. అందుకే రెవెన్యూ శాఖను పక్కనపెట్టి మనోధైర్యం గురించి ఎంత మాట్లాడినా వృథా.

సింధనూరుకు పొరుగునే బళ్లారి ఉంది. అక్కడ 1985లో నిమ్హాన్స్ సంస్థ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఊళ్లు తిరిగే కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, కొద్దిపాటి మందులతోనే జిల్లా అంతటికీ మానసిక వైద్యం అందించవచ్చని చూపించింది. 1996లో జాతీయ పథకం మొదలైంది ఆ నమూనాతోనే. తొలి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. మూడో అంతస్తుకు ఇంతకంటే మంచి దారి నాకు కనిపించడం లేదు. అయితే ఆ కార్యకర్తకు ఇంటి భాష రావాలి. కన్నడంలో అడిగితే బెంగాలీ అవ్వ ‘బాగానే ఉన్నా’ అని ఊరుకుంటుంది. క్యాంపులోనే పుట్టి పెరిగి, రెండు భాషలూ వచ్చిన ఆడపిల్లకు ఆ శిక్షణ, ఆ జీతం ఇస్తే సగం పని అయినట్టే.

మన దగ్గరా ఉన్నారు

ఆనాటి బెంగాలీ కుటుంబాల్లో కొన్ని కాగజ్‌నగర్ పక్కన నజ్రుల్‌నగర్‌లో స్థిరపడ్డాయి. 2005లో బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక, దానికీ వాళ్లకూ మధ్య నలిగిన గుత్తికోయ ఆదివాసీలు గోదావరి లోయ అడవుల్లోకి వచ్చారు. 2011 జులైలో సుప్రీంకోర్టు సల్వాజుడుంను చట్టవిరుద్ధమని తేల్చింది. వచ్చినవాళ్లకు మాత్రం ఇక్కడ గిరిజనులుగా గుర్తింపు దక్కలేదు. ఒక శాఖ టీకాలు వేయడానికి వెళ్తుంది, ఇంకో శాఖ గుడిసెలు తీసేయమంటుంది. కలెక్టర్ ముందు ఆ రెండు శాఖలూ ఒకసారి ఎదురెదురుగా కూర్చోవాలి.

ఫోన్ చేయాలంటే

2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. తెలుగు, కన్నడం, బెంగాలీల్లో మాట్లాడొచ్చు.