అనంతగిరి యాత్ర

వికారాబాదు చెంతనున్న అనంతగిరి గుట్టలపై కురిసిన వానకు రెండు దారులు కలవు. తూర్పునకు జారిన నీరు మూసీనదియై హైదరాబాదు నగరము నడుమ పారి, వాడపల్లి యొద్ద కృష్ణలో కలియును. పడమటికి జారిన నీరు కాగ్నా నదియై భీమానదిని చేరును. ఆ భీమయు కృష్ణలోనే కలియును. ఒక్క కొండమీద విడిపోయిన చినుకులు అంత దూరము తిరిగి వాడపల్లి కడ మరల కలిసికొనుట వింత గాదా!

సెలవులలో కొండలు చూడవలెననగానే పలువురు ఊటీని తలచుదురు. షాబాదు, చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల బాలబాలికలకు ఒక పగటిలో పోయి రాదగిన కొండ యిది. షాబాదు వారు చేవెళ్లకు వచ్చి, బిజాపూరు బాట పట్టి, మన్నెగూడ కూడలిలో వికారాబాదు వైపు మరలవలెను. ఈ బాటకు ఇరుప్రక్కల ముదుసలి మఱ్ఱిచెట్లు కలవు. బాటను వెడల్పు చేయ సంకల్పించినపుడు వీనిని కాపాడుటకై ప్రకృతిప్రియులు జాతీయ హరిత న్యాయస్థానము దాక పోయిరి. నీడ విలువ యెండలో నడచినవారికి గాని తెలియదు.

వేసవిలో ఈ యడవి ఆకురాల్చి బోసిగా నుండును. వానలు వెనుకబట్టిన పిమ్మట పోవుట మేలు. కొండ నెత్తిపై జల్లెడవలె రంధ్రములు గల యెఱ్ఱరాయి పఱచుకొని యున్నది. దీనిని లాటరైటు అందురు. వాననీరు దీనిలోనికి ఇంకి, అడుగున గట్టిపొర తగిలినచోట ఊటగా వెలికి వచ్చును. వానలు నిలిచిన పిదపకూడ నీరు కనబడుటకు కారణమిదియే. అనంతపద్మనాభస్వామి ఆలయమును దర్శించి, అడవిబాటల నడచి, వీలైనచో కోటిపల్లి జలాశయమున పడవ నడపవచ్చును. ఈత వచ్చినవాడైనను లైఫ్ జాకెట్టు లేనిదే పడవ యెక్కరాదు.

పయనమునకు ముందే కొన్ని నిశ్చయించుకొనవలెను. పెద్దలొకరు వెంట నుండవలెను. తడిరాతిపై జారని చెప్పులు, త్రాగునీరు, మూతగల డబ్బాలో భోజనము కావలెను. మూత మఱచినవాని పులిహోర కోతుల పాలగును! చీకటి పడకముందే గుట్ట దిగునట్లు వేళను లెక్కించుకొనవలెను.

తిన్న పిమ్మట మిగిలిన కాగితములు, ప్లాస్టిక్ సంచులు తిరిగి యింటికే తేవలెను. ఏలయనగా, ఇచట పాఱవేసినది నీటివెంట దిగువకు పోవును. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదులో వేలమందిని బలిగొనెను. అట్టి యాపద మరల రాకుండుటకు విశ్వేశ్వరయ్యగారి సూచనల ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరమును 1920లోను, ఈసీనదిపై హిమాయత్‌సాగరమును 1927లోను నిర్మించిరి. నాటినుండి అవి వరదను ఆపుటయే గాక నగరమునకు త్రాగునీరు నొసగినవి.

మొయినాబాదు వారు తిరుగు ప్రయాణమున, ప్రొద్దు మిగిలినచో, గండిపేట కట్టకడకు పోయి రావచ్చును. ఉదయము గుట్టమీద కాలితో దాటిన సన్నని పాయ యచట సాగరమై కనబడును.