పలుకుల వరుసకు పూచీ

సూరత్ నగరమున ఉధ్నాకు చేరువనున్న లింబాయత్ ప్రాంతమున, తెలంగాణ జిల్లాలనుండి వలసవచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబములు నివసించు వీథులలో, మరమగ్గముల చప్పుడు రేయింబవళ్ళు వినవచ్చుచుండును. నాడె మగ్గముమీద ఒక్క పేకపోగు పడవలెనన్న మూడు పనులు తప్పని వరుసలో జరుగవలెను: పడుగు కొంత పైకి, కొంత క్రిందికి విడివడి దారి యీయవలెను, ఆ దారిలో నాడె ఈ కొసనుండి ఆ కొసకు పోవలెను, పిదప పన్నె వచ్చి పోగును బట్టకు హత్తింపవలెను. నాడె అవతలి కొసనున్న పెట్టెను చేరకమునుపే పన్నె వచ్చి తాకెనా, వందలకొలది పడుగు పోగులు ఒక్క దెబ్బకు తెగిపోవును; అందుచేతనే నాడె సకాలమున చేరనిచో మగ్గమును ఆపివేయు ఏర్పాటును చిరకాలము క్రిందటనే అందులో అమర్చిరి. ఇచట ఏ భాగమునందును లోపము లేదు. వరుస తప్పుటయే ఉపద్రవము.

కంప్యూటరు ప్రోగ్రాములకును సరిగా ఇట్టి ఉపద్రవమే కలదు. 1960వ దశకమున నార్వే దేశమందు ఓలె యొహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అనువారలు నిర్మించిన సిములా భాషతో మొదలై, పిదప అమెరికాలో అలన్ కే ప్రభృతుల స్మాల్‌టాక్ భాషలో పరిణతి చెందిన ఆబ్జెక్టుల పద్ధతిలో, ప్రోగ్రామనగా ఒకదానికొకటి సందేశములు పంపుకొను ఆబ్జెక్టుల సమూహము. 1995లో వెలువడిన జావావంటి భాషలలో టైపుల వ్యవస్థ ఈ సందేశములకు కావలి కాయును. సంఖ్య కోరినచోట పేరు పంపినచో, ప్రోగ్రాము నడువకమునుపే, దానిని అనువదించు కంపైలరు ఆ పొరపాటును త్రోసిపుచ్చును. కాని ఏది పంపవలెనో ఎరిగిన ఆ వ్యవస్థ, ఎప్పుడు పంపవలెనో ఎరుగదు. మూసివేసిన ఫైలును చదువుమని వ్రాసినను అది మారుమాటాడక సమ్మతించును. చిక్కు బయటపడునది ప్రోగ్రాము నడుచునప్పుడే. ఈ కొరతను గుర్తించి 1986లోనే ఐబీఎం పరిశోధకులు రాబర్ట్ స్ట్రామ్, షౌలా యెమిని, వస్తువు యొక్క టైపుతోపాటు దాని ప్రస్తుతావస్థను కూడ కంపైలరు లెక్కలోనికి తీసుకొనవలెనని ప్రతిపాదించిరి.

ఇద్దరు మాటాడుకొనుచోట ఈ కొరత మరింత బాధించును. సూరత్ రింగురోడ్డు బట్టల వర్తకుని ప్రోగ్రాము, లింబాయత్ మగ్గముల యజమాని ప్రోగ్రాముతో బేరమాడుచున్నదనుకొందము. వర్తకుడు ఎన్ని మీటర్ల గ్రే బట్ట, అనగా అద్దకము వేయని బట్ట, కావలెనో తెలుపును. యజమాని ధర చెప్పును. వర్తకుడు సరేననవలెను, లేదా వద్దనవలెను. సరేనన్నచో బయానా పంపి రసీదు పుచ్చుకొనవలెను. ఒకరు ధరకొరకును, వేరొకరు బయానాకొరకును ఎదురుచూచుచు కూర్చున్నచో, తప్పు టైపు సందేశమొక్కటియు లేకయే ఇరువురును శాశ్వతముగా మౌనము వహింతురు.

1993లో జపాను శాస్త్రజ్ఞుడు కోహేయి హోండా ఈ సంభాషణ క్రమమునకే టైపునిచ్చెను. వాస్కోన్‌సెలోస్, కుబో అనువారలతో కలిసి 1998లో ఆయన ఆ భావమును విస్తరింపగా, అది సెషన్ టైపులను పేర ప్రసిద్ధమైనది. వర్తకుని వైపు “పరిమాణమును పంపు, ధరను పుచ్చుకొను, రెంటిలో ఒకటి ఎన్నుకొను” అని యున్నచో, యజమాని వైపు “పరిమాణమును పుచ్చుకొను, ధరను పంపు, రెంటికిని సిద్ధముగా నుండు” అని యుండవలెను. పంపుటకెదురుగా పుచ్చుకొనుట, ఎన్నికకెదురుగా అవకాశము ఉన్నవో లేవో కంపైలరు అడుగడుగునను పోల్చి చూచును. ఇద్దరే కాదు, ముగ్గురు నలుగురు పాల్గొను సంభాషణలకు సయితము, అనగా మన యుదాహరణలో అద్దకపు మిల్లు కూడ చేరినప్పటికి, హోండా, నొబుకో యోషిదా, మార్కో కార్బోనె 2008లో ఈ సిద్ధాంతమును వర్తింపజేసిరి.

ఆబ్జెక్టుల భాషలలో దీనిని నిలుపుట అంత సులభము కాదు, నా దృష్టిలో ఈ శాస్త్రమందలి అసలు సారస్యమంతయు ఇచటనే యున్నది. ఆ భాషలలో ఒకే ఆబ్జెక్టును, సందేశములు సాగు మార్గమును సయితము, అనేకులు ఒకేసారి పట్టుకొనియుండవచ్చును. బేరము సగములో నుండగా ఇద్దరు గుమాస్తాలు అదే మార్గమున తలొక మాట పంపిరేని, ఏ మాట ఎన్నవదో చెప్పగలవారుండరు. కనుక సంభాషణ మార్గము ఒక సమయమున ఒక్కరి చేతనే యుండవలెననియు, వేరొకరికి అప్పగించినవాడు మరల దానిని తాకరాదనియు నియమమేర్పడినది. 2006లో మరియాంజియోలా దెజాని, మోస్ట్రోస్, యోషిదా, ద్రోసోపూలు ప్రకటించిన మూస్ అను చిన్న భాష, ఇట్టి అప్పగింతలను అనుమతించుచునే, ఒకసారి మొదలైన సంభాషణను నడుమ నిలిచిపోనీయదని వారు గణితయుక్తముగా నిరూపించిరి. రెండేండ్లకు రేమండ్ హూ, యోషిదా, హోండా జావాకే ఈ శక్తిని చేర్చిరి.

అయినను కంపైలరు తాను చూచినదానికే పూచీపడగలదు. అవతలి ప్రోగ్రాము వేరొకరు వేరు భాషలో వ్రాసినదైనచో, నడుచుచుండగనే ప్రతి సందేశమును ఒప్పందముతో సరిచూచు కాపలా కావలసివచ్చును. 2012లో హోండా దివంగతుడగుటకు ముందు ఆయన బృందము రూపొందించిన స్క్రిబుల్ అను భాషలో ఒప్పందములను వ్రాసి, అమెరికా సముద్రపరిశీలనా ప్రణాళికయందలి పైథాన్ ప్రోగ్రాములకు అట్టి కాపలానే ఏర్పరచిరి.